దొంగగొంతు

కొన్ని పాటల గురించి వ్రాయాలంటే ముందుగా మన ఇంటి సంగతి వ్రాయవలసి వస్తుంది. అందుకే ఇన్నేళ్ళుగా ఈ ఆల్బమ్ గురించి వ్రాయకుండా తప్పించుకు తిరిగాను. త్యాగరాజ కృతుల మీదా, ఘంటసాల పద్యాల మీదా మిత్రులు చక్కగా వ్రాస్తూంటే చదివి ఆనందించేవాణ్ణే కాని, "నాకు ఫిన్లాండు వారి మెటల్ సంగీతమంటే ప్రాణం" అని చెప్పుకోవడానికి బిడియంగా ఉండేది. ఆ బిడియం వెనుక మరొక సిగ్గు కూడా ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

ఆల్బమ్ పేరు 'వన్స్'. ఒకప్పుడు అని అర్థం. మన కథల్లో 'అనగనగా' అంటామే, ఇంచుమించు అదే. నైట్‌విష్ అనే బృందం 2004 జూన్‌లో దీనిని విడుదల చేసింది. ఫిన్లాండు తూర్పు సరిహద్దుకు దగ్గరలో కితే అనే చిన్న ఊరుంది. 1996లో ఆ ఊరి యువకుడు తువోమస్ హోలోపైనెన్, గిటారు వాయించే మిత్రుడు ఎంపు వువోరినెన్, పాశ్చాత్య శాస్త్రీయ గానం నేర్చుకుంటున్న తార్యా తురునెన్ కలిసి మొదలుపెట్టిన బృందమిది. పాటలు కట్టేది హోలోపైనెన్. పాడేది తార్యా.

నా చేతికి ఈ పాటలు వచ్చింది ఆ సంవత్సరం చివర్లో. అప్పుడు నేను గాజువాకలో ఒక కంట్రాక్టరు దగ్గర లెక్కలు వ్రాసేవాణ్ణి. రోజూ తగరపువలస నుంచి వెళ్ళి రావడం. మాతో పనిచేసే కుర్రాడొకడు నూరు పైచిలుకు పాటలున్న ఎంపీత్రీ సీడీ ఒకటి ఇచ్చి, "విని చెప్పండి సార్, బాగుండకపోతే తిరిగి ఇచ్చేయండి" అన్నాడు. మొదటిసారి మద్దిలపాలెం దగ్గర చెవులకు తగిలించుకుని, హనుమంతవాక రాకముందే తీసేశాను. రొద. ఇంటి ముందు తారురోడ్డు వేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. అయితే ఆ రొద మీదుగా ఒక ఆడగొంతు వెళ్ళడం మాత్రం చెవిలో మిగిలిపోయింది. రొదకు జడిసి గట్టిగా అరుస్తున్న గొంతు కాదది. రొద తన కాళ్ళ కింద ఎక్కడో ఉన్నట్టు తాపీగా పైన నడిచిపోతున్న గొంతు. మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను. ఆ మర్నాడు కూడా.

తెలియనివారి కోసం రెండు మాటలు. మెటల్ సంగీతంలో గిటారు ధ్వనిని కావాలనే చెదరగొట్టి గరుకుగా, బరువుగా చేస్తారు. డ్రమ్ములు పరుగెత్తుతాయి. ఇందులో గోథిక్ అనే శాఖ 1990ల మొదట్లో ఐరోపాలో బలపడింది. సమాధులు, శిథిలాలు, తీరని విరహం, చీకటి మీద మోజు దాని సరంజామా. మా వైపువాళ్ళకు ఇది బోధపరచడం తేలిక. భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధుల మధ్య ఒక సాయంత్రం సముద్రపు హోరు వింటూ కూర్చుంటే చాలు, గోథిక్ అంటే ఏమిటో మరొకరు చెప్పనక్కరలేదు. ఆ సరంజామాకు వయొలిన్లు, ఇత్తడి బూరాలు, బృందగానం, ఒపెరా గాయని తోడైతే అది సింఫనిక్ మెటల్ అవుతుంది.

నైట్‌విష్ మొదట్లో వాద్యబృందం పనంతా కీబోర్డుతోనే నెట్టుకొచ్చింది. 2002 నాటి 'సెంచురీ చైల్డ్'లో నిజమైన వాద్యకారులను పిలిచింది. 'వన్స్' నాటికి లండన్ వెళ్ళి, పిప్ విలియమ్స్ అనే అనుభవజ్ఞుడి చేత వాద్యభాగాలు వ్రాయించి, అక్కడి వాద్యకారులతోనూ గాయకులతోనూ రికార్డు చేయించుకుంది. ఆ తేడా మొదటి పాట మొదలైన కాసేపటికే తెలిసిపోతుంది. వాద్యబృందం ఇక్కడ పాటకు వేసిన జరీ అంచు కాదు. నేతలోనే ఉంది. గిటారు ఒక పదబంధం అంటే ఇత్తడి వాద్యాలు దానిని అందుకుంటాయి, బృందగానం రెట్టిస్తుంది.

పదకొండు పాటలు. 'నీమో'లో పియానో మీద వచ్చే చిన్న స్వరమాల ఒకసారి వింటే వదలదు. లాటిన్‌లో ఆ మాటకు 'ఎవరూ కాని వాడు' అని అర్థం. 'క్రీక్ మేరీస్ బ్లడ్' అమెరికా ఆదివాసుల గోడు. డీ బ్రౌన్ నవల పేరే దానికి పెట్టారు. అందులో జాన్ టూ హాక్స్ తన వేణువు వినిపించి, చివర లకోటా భాషలో మాట్లాడతాడు. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆపబుద్ధి కాదు. మరొకటి పూర్తిగా ఫిన్నిష్ భాషలో ఉంది. మరణమే కళాకారుణ్ణి చేస్తుందని దాని పేరుకు అర్థం. మెటల్ హోరంతా పక్కకు తప్పుకొని తార్యా గొంతునూ, వాద్యబృందాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టిన పాట.

నాకు అన్నిటికన్నా పెద్దది 'ఘోస్ట్ లవ్ స్కోర్'. పేరుకు తగ్గట్టే పెద్దది, పది నిమిషాలు. హనుమంతవాకలో మొదలైతే ఎండాడ దాటేదాకా సాగేది. నడుమ గిటార్లు, డ్రమ్ములు తప్పుకుంటాయి. వాద్యబృందం కొంతసేపు తన దారిన తాను పోతుంది. ఇక గొంతు రాదేమో అనిపించేటంత సేపు పోతుంది. అప్పుడు గొంతు తిరిగి వస్తుంది. మొదట పొడిపొడిగా, పిమ్మట మొత్తం బృందగానాన్ని వెంటబెట్టుకుని. బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చోవలసి వచ్చేది నాకు.

పాట గొప్పతనం ఒక్కటే అందుకు కారణం కాదు. ఆ గొంతు నాకు ముందే తెలుసు.

* * *

మా అప్పకు అలాంటి గొంతు ఉండేది. అక్కను మేము అప్ప అంటాము. మామూలుగా పాడుతూ పాడుతూ పై షడ్జమం దాటేసరికి ఆమె గొంతు బరువు వదిలేసి సన్నని వెలుగులాగా అయ్యేది. సంగీతం చెప్పే మాస్టారుకి అది నచ్చేది కాదు. "దొంగగొంతు పెట్టకమ్మా, గుండెలోంచి పాడు" అనేవారు. ఆయన తప్పేమీ లేదు. మన సంప్రదాయంలో నిండుగొంతుకే మర్యాద. పక్కన తంబూరా, వెనకాలే వచ్చే వయొలిను, మృదంగం. అవన్నీ గాయనిని మోసేవే కాని, ఆమెతో పోటీపడి ముంచేవి కావు. కాబట్టి గొంతు పోరాడి పైకి తేలవలసిన అవసరం మన కచేరీలో లేదు.

ఒపెరా కథ వేరు. మైకులు పుట్టక ముందు పదుల కొద్దీ వాద్యాలను దాటుకుని గొంతు చివరి వరుసకు చేరాలి. అందుకోసం వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసింది సరిగ్గా మనం దొంగది అని పక్కనపెట్టిన ఆ పై గొంతునే. స్వరతంతువులు సాగి పలచబడినప్పుడు వచ్చే ఆ నాదాన్ని, నోటినీ కంఠాన్నీ తగిన ఆకృతిలో తెరిచి, నిండుగా మోగేలా చేశారు. అరవకుండానే దూరం వెళ్ళే గొంతు అది. నూరేళ్ళ నాడు వాద్యబృందాన్ని దాటడానికి పనికివచ్చిన విద్యే ఈనాడు కరెంటు గిటార్ల హోరును దాటడానికీ పనికివచ్చింది. మన పద్యనాటకాల నటులకూ ఒకప్పుడు అదే అవసరం. వారు మరో దారి వెతుక్కున్నారు, అంతే.

ఒక శ్రీరామనవమి పందిట్లో అప్ప పాడుతూండగా కరెంటు పోయింది. మైకు చచ్చింది. అప్ప ఆపలేదు. ఆ దొంగగొంతే పందిరి దాటి, మా వీధి దాటి, రోడ్డు మీద కిళ్ళీ కొట్టు దాకా వినబడిందని మర్నాడు చెప్పుకున్నారు. అప్పుడే ఆమె విజయనగరం సంగీత కళాశాలలో చేరాలని నిశ్చయించుకుంది. 1919లో గజపతులు పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రధానాచార్యులుగా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ తరువాత కూర్చున్న చోటు. పి. సుశీలగారు చదువుకున్న చోటు. తగరపువలసలో బస్సెక్కితే గంట ప్రయాణం.

అది 1996. కితేలో ఆ ముగ్గురూ బృందం పెట్టిన సంవత్సరమే. ఇక్కడ అప్పకు సంబంధం కుదిరింది. మంచి సంబంధం. మగపెళ్ళివారి పెద్దాయన నాన్నకు ఉత్తరం వ్రాశారు. అందులో కట్నకానుకల ముచ్చట్ల నడుమ ఒక వాక్యం: పెళ్ళయ్యాక పాట కచేరీలు, కళాశాలలు తమ ఇంట కుదరవని, అమ్మాయికి ఆ సంగతి సమ్మతమేనా అని.

ఆ ఉత్తరాన్ని పక్కన పెడతాను.

* * *

2005 అక్టోబరు 21న హెల్సింకిలో నైట్‌విష్ ఆ పర్యటనలో చివరి కచేరీ చేసింది. తార్యా పాడి ముగించింది. ఆ రాత్రే మిగిలిన నలుగురూ ఆమె చేతికి ఒక ఉత్తరం ఇచ్చారు. ఇకపై నీతో కలిసి పనిచేయలేమని. ఆ పిమ్మట దానిని లోకమంతా చదివేలా బహిరంగంగా ప్రకటించారు. ఆమె మారిపోయిందనీ, డబ్బు గురించి ఆలోచిస్తోందనీ అందులో ఉంది. ఆమె భర్త ప్రస్తావన కూడా ఉంది. ఆమె తన బాధను తన మాటల్లో చెప్పుకుంది. ఎవరి పక్షాన ఎంత న్యాయం ఉందో తేల్చడం నా పని కాదు. బృందం నడపడంలో సాధకబాధకాలు ఉంటాయి.

నా సంగతి చెబుతాను. అప్పట్లో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ ఉత్తరం చదివి, వెంటనే స్వరకర్త పక్షం వహించాను. "పాట అతనిది. పాడే మనిషి ఎవరైతేనేం" అని ఆ సీడీ ఇచ్చిన కుర్రాడితో వాదించాను. అతను నా వైపు చూసి, "మరి మీరు బస్సులో వినేది ఎవరిని సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక చాలాసేపు నిద్రపట్టలేదు.

ఎందుకంటే 1996లో ఆ ఉత్తరానికి జవాబు వ్రాసింది నేను. నాన్నకు వ్రాతకోతల్లో బద్ధకం. ఇన్‌లాండు కవరు నా ముందు పెట్టి, "మీ ఇష్ట ప్రకారమే కానివ్వండని రాసీ" అన్నారు. నేను అంతటితో ఆపలేదు. "మా అమ్మాయికి పాట మీద అంత మమకారమేమీ లేదు" అని ఒక వాక్యం నా సొంతంగా కలిపాను. అలా వ్రాస్తే ఉత్తరం నిండుగా, మర్యాదగా ఉంటుందనిపించింది. పద్దెనిమిదేళ్ళవాణ్ణి. పెద్దవాళ్ళ భాష వ్రాయగలుగుతున్నానన్న గర్వం. అప్పను ఎవరమూ అడగలేదు. ఆమె వంటింట్లోనే ఉంది.

నాలుగు అడుగుల దూరం.

* * *

నైట్‌విష్ ఆగలేదు. 2007 నుంచి అనెట్ ఓల్జోన్ పాడింది. 2012లో పర్యటన మధ్యలో డచ్చి గాయని ఫ్లోర్ యాన్సెన్ వచ్చింది. 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఆమె 'ఘోస్ట్ లవ్ స్కోర్' పాడిన తీరు వింటే, ఒక పాట ఇద్దరు మనుషుల ప్రాణంతో బ్రతకగలదని నమ్మకం కుదురుతుంది. తార్యా కూడా ఆగలేదు. 2007లోనే 'మై వింటర్ స్టార్మ్' అని తన సొంత ఆల్బమ్ తెచ్చి, ఆ తరువాత వరుసగా పాడుతూనే వచ్చింది. అంటే నేను ఆ కుర్రాడితో వాదించిన మాటలో సగం నిజం ఉంది. పాటకు మరో గొంతు దొరుకుతుంది. ఆ గొంతుకు మరో పాట దొరకాలిగా మరి? తార్యాకు దొరికింది. అందరికీ దొరకదు.

మొన్న సంక్రాంతికి అప్ప వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళై, బావ రిటైరై, ఇప్పుడు తీరిక. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగతావాళ్ళు కునుకు తీస్తూంటే, పెరటి అరుగు మీద కూర్చుని ఫోను ఆమె చేతికిచ్చి, ఆ పది నిమిషాల పాట పెట్టాను. 2004 నాటిది, తార్యా పాడినది. ముందు మొహం చిట్లించింది. "ఏటిరా ఈ గోల?" అంది. గొంతు రాగానే చిట్లింపు పోయింది. నడుమ వాద్యాల భాగంలో, "అయిపోయిందేటి?" అని అడిగింది. లేదన్నాను. గొంతు తిరిగి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

పాట అయ్యాక చెప్పాను. ఇన్‌లాండు కవరు సంగతి, నేను కలిపిన వాక్యం సంగతి. ఇరవై ఎనిమిదేళ్ళు దాటాయి ఆ మాట లోపల పెట్టుకుని.

"నాకు తెల్దేటిరా," అంది అప్ప. "మా మావగారు పోయాక ట్రంకు పెట్టె సర్దితే దొరికింది. నాన్న మాట, నీ దస్తూరీ. ఆ వాక్యం నాన్నది కాదని చదవగానే తెలిసింది. నాన్నకి అంత భాష ఎక్కడిది?"

"మరి ఎన్నడూ అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఏడుస్తావు. అప్పుడు నిన్ను ఊరుకోబెట్టే పని కూడా నాదే."

కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఎవరు, ఇప్పుడేం చేస్తోంది అని అడిగింది. హెల్సింకి కచేరీ గురించి, ఆ ఉత్తరం గురించి చెప్పాను.

"ఈ పిల్లనీ ఉత్తరంతోనే పంపించీసారేటి?" అంది. తరువాత, "పాడ్డం మానీసిందా మరి?"

"లేదప్పా. పాడుతూనే ఉంది."

"అయితే పర్లేదు," అంది. ఫోను నా చేతిలోంచి తీసుకుని, "మజ్జిలోంచి పెట్టు, గొంతు తిరిగొచ్చే కాడ్నించి" అంది.

పెట్టాను. బృందగానం మొదలయ్యాక, పెదవులు కదపకుండా, ఆ పై స్వరాల దగ్గర ఆమె కూడా సన్నగా కలిసింది. గొంతు వణికింది. ఒకచోట తెగింది. అయినా ఆ దొంగగొంతు ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది. దొంగ నేను.