పాటల పెట్టెతో నరసాపురం దాకా



సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం మేము మా నాన్నగారిని చూడడానికి కోనసీమ బయలుదేరాము. హైదరాబాదు వైపు నుండి రాత్రి కదిలే నరసాపురం రైలు ఎక్కితే తెల్లవారాక నరసాపురంలో దిగవచ్చు. అక్కడ వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటితే సఖినేటిపల్లి రేవు. రేవు నుండి ఆటోలో మా ఊరు. ఈ దారి మాకు చిన్ననాటి నుండి తెలిసినదే. అయితే ఈసారి మా సంచిలో ఒక కొత్త వస్తువు ఉంది. దానిని గూర్చి, దాని వలన మేము నేర్చుకొన్న ఒక సంగతిని గూర్చి మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ వస్తువు అరచేతిలో ఇమిడే పాటల పెట్టె. హై రిజల్యూషన్ మ్యూజిక్ ప్లేయర్ అంటారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుడు తాను కొత్తది కొనుక్కొని, రెండేండ్లు వాడిన పాతదానిని మాకిచ్చాడు. చూపులకు చిన్న ఫోనులా ఉంటుంది గాని సిమ్ కార్డు ఉండదు. ఎవరికీ ఫోను చేయలేము, ఎవరూ మనకు చేయలేరు. పాటలు వినిపించడం ఒక్కటే దాని పని. "చేతిలో ఫోను ఉండగా ఇది కూడా ఎందుకండీ?" అని మా ఇంటివారు మొదటి రోజే అడిగారు. సరియైన ప్రశ్నే.

ఆరు మాసాలు దానితో గడిపిన తరువాత ఆ ప్రశ్నకు సగం జవాబు మాత్రమే చెప్పగలము. ఫోనులో పాట వింటుంటే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. దీనిలో ఆ బాధ లేదు. 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7 నుండి ఇయర్‌ఫోను వైరు గుచ్చే రంధ్రం తీసివేసింది. ఆ తరువాత ఇంకా అనేక ఫోనులలో అది పోయింది. వైరు లేని బ్లూటూత్‌లో సాధారణంగా శబ్దాన్ని కుదించి పంపుతారు. ఈ పెట్టెలో మంచి వైరు గుచ్చుకోవచ్చు, అంకెలను శబ్దంగా మార్చే భాగం కూడా శ్రద్ధగా చేసినది ఉంటుంది. ఇక ఇబ్బందులు చెప్పాలంటే, చార్జి పెట్టవలసిన వస్తువు ఇంట్లో మరొకటి పెరిగింది. పాటలన్నీ మనమే కంప్యూటరు నుండి కార్డులోకి ఎక్కించుకోవాలి. జేబులో ఉంచితే వేడెక్కుతుంది. ఇస్త్రీ చొక్కా జేబు దాని బరువుకు కిందికి వాలిపోతుంది.

ఇటువంటి పెట్టెల కథ నిన్న మొన్నటిది కాదు. 1963లో ఫిలిప్స్ వారు క్యాసెట్టును బయటికి తెచ్చారు. 1979 జూలై 1న జపానులో సోనీ వారు వాక్‌మన్ అమ్మడం మొదలుపెట్టారు. నడుస్తూ, ప్రయాణం చేస్తూ ఒక్కరే పాట వినే అలవాటు దానితోనే లోకమంతా పాకింది. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చింది. 2001లో ఐపాడ్ వచ్చి, 2022లో ముగిసింది. ఐపాడ్ ఇంకా ఉండగానే, 2012లో కొరియా దేశపు ఐరివర్ సంస్థ ఆస్టెల్ అండ్ కెర్న్ అనే పేరుతో ఈ తరహా పెట్టె నొకటి తెచ్చింది. తరువాత జపాను, చైనా దేశాలవారు కూడా అనేకం చేశారు.

రైలు బయలుదేరి దీపాలు ఆర్పిన తరువాత పై బెర్తు మీద పడుకొని ఇయర్‌ఫోను పెట్టుకొన్నాము. హై రిజల్యూషన్ అంటే ఏమిటో మా మేనల్లుడు చెప్పిన పద్ధతిలోనే చెబుతాము. ఇంజనీర్లు శబ్దాన్ని అంకెలుగా కొలిచి దాచుతారు. కాంపాక్ట్ డిస్కులో ఒక్క సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతకు 65,536 మెట్లు ఉంటాయి. హై రిజల్యూషన్‌లో సెకనుకు 96,000 లేక 1,92,000 సార్లు కొలుస్తారు. మెట్లు 1,67,77,216. అంత సన్నని కొలత కాబట్టి స్థలం కూడా ఎక్కువ కావాలి. ఒక్క నిమిషం పాట డిస్కు లెక్కన సుమారు 10 మెగాబైట్లయితే, 96,000 లెక్కన సుమారు 35 మెగాబైట్లు.

ఈ అంకెలు వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని మనిషి చెవికి ఒక హద్దు ఉన్నది. ఆరోగ్యంగా ఉన్న యౌవన చెవి సెకనుకు 20 నుండి 20,000 కంపనాల వరకు వినగలదు. కొలిచిన సంఖ్యలో సగం దాకా శబ్దం పట్టుబడుతుంది కాబట్టి డిస్కులోనే 22,050 వరకు వస్తుంది. అంటే మన చెవికి కావలసినది అక్కడికే సరిపోయింది. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. హై రిజల్యూషన్ శబ్దాన్నీ, దానినే డిస్కు ప్రమాణానికి తగ్గించిన శబ్దాన్నీ వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగా చెప్పారు. నాణెం ఎగురవేసి చెప్పినా అంతే వస్తుంది. మాకు నలభై దాటాయి. వయసుతో మొదట పోయేది పై స్థాయి శబ్దాలే. కనుక పెట్టె మీద రాసిన పెద్ద అంకె మా చెవి నిమిత్తం కాదని ఒప్పుకోవలసినదే.

పైగా రైలు చక్రాల మోత ఉండనే ఉంది. ఆ మోత మీదుగా పాట వినాలని శబ్దం పెంచుతాము, ఎంత పెంచామో తెలియదు. వారానికి 80 డెసిబెల్స్ శబ్దమైతే 40 గంటలు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పది డెసిబెల్స్ పెరిగేసరికి కాలం పదో వంతుకు పడిపోయింది చూడండి. చెవిలో ఒకసారి చచ్చిన సన్నని కణాలు మరల మొలకెత్తవు. పిల్లలు గల తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకొనడం మంచిది. మేము కూడా ఆ రాత్రి పెట్టె ఆపి పడుకొన్నాము.

తెల్లవారేసరికి గుడివాడ దాటి కైకలూరు వైపు వచ్చాము. పట్టాలకు ఇరుప్రక్కలా చేపల చెరువులు, వాటి మీద పొగమంచు. సిగ్నలు లేక రైలు కొంతసేపు ఆగింది. చెరువులో నీటిని చిలికే యంత్రం చప్పుడు, గట్టు మీద ఎవరో ఎవరినో పిలిచే కేక, టీ అమ్మే అబ్బాయి గొంతు, అన్నీ విడివిడిగా వినిపించాయి. దూరంగా గూడబాతులు ఎగురుతున్నాయి. కొల్లేరు దగ్గరలోనే కదా. మేము ఇయర్‌ఫోను బయటికి తీయలేదు. ఆకివీడు, భీమవరం, పాలకొల్లు దాటి నరసాపురంలో దిగేదాకా అది సంచిలోనే ఉన్నది.

రేవులో పంటు మీద నిలబడినప్పుడు మా ఇంటివారు, "ఆ క్యాసెట్టు సంగతి మావయ్యగారితో ముందే చెబుతారా, వినిపించాక చెబుతారా?" అని అడిగారు. అసలు ఈ ప్రయాణానికి కారణం ఆ క్యాసెట్టే.

1993లో, మేము బడిలో చదువుకొనే రోజులలో, మా ఇంటికి ఒక టూ ఇన్ వన్ టేపు రికార్డరు వచ్చింది. మా ప్రాంతపు అనేకమంది స్త్రీలవలె మా అమ్మగారు కూడా లేసు అల్లేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుండి అల్లుతూ పాడుకొనేవారు. ఒకనాడు ఆమెకు తెలియకుండా ఆ పాటలు రికార్డు చేశాము. 2011లో అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. మరుసటి ఏడు ఆ క్యాసెట్టును పట్టణంలో ఒక దుకాణానికి పట్టుకెళ్ళి డిస్కు చేయించాము. దుకాణం వారు, "గోల అంతా తీసేశామండి, శుభ్రంగా ఉంది" అన్నారు. నిజంగానే క్యాసెట్టులోని సర్రుమనే చప్పుడు లేదు. మేము సంతోషించాము. ఇక క్యాసెట్టు ఎందుకని పారవేయబోయాము కూడా. మా ఇంటివారే దానిని బిస్కట్ల డబ్బాలో వేసి ఉంచారు.

నిరుడు మా మేనల్లుడు ఆ డబ్బా చూశాడు. మరమ్మతు చేయించిన పాత డెక్కు ఒకటి సంపాదించాడు. హెడ్డును స్పిరిటుతో తుడిచాడు. హెడ్డు ప్రక్కనున్న చిన్న మరను కొద్ది కొద్దిగా తిప్పుతూ, శబ్దం బాగా విప్పారే చోట ఆపాడు. సర్రుమనే చప్పుడును తీయకుండా ఉన్నది ఉన్నట్టుగా 96,000 లెక్కన దించాడు. గంట క్యాసెట్టుకు సుమారు 2 గిగాబైట్లు అయింది. దానిని ఈ పెట్టెలో వేసి మాకిచ్చాడు.

మొదటిసారి విన్నప్పుడు పాటతోపాటు ఒక సన్నని చప్పుడు వినిపించింది. అమ్మగారి గాజులు. కొంకి కర్రతో దారం లాగినప్పుడల్లా గాజులు కదిలేవి. దుకాణంవారు గోల తీసినప్పుడు గాజులు కూడా పోయాయి. పదేండ్లకు పైగా మేము గాజులు లేని పాటనే అమ్మగారి పాట అనుకొన్నాము.

మా నాన్నగారికి ఎనభై రెండేండ్లు. వినికిడి బాగా తగ్గింది. కొనిచ్చిన చెవి యంత్రం కీచుమంటోందని గూటిలో పెట్టేశారు. భోజనాలయ్యాక, చెవులు రెండూ కప్పే పెద్ద హెడ్‌ఫోను తీసి మా ఇంటివారు, "మావయ్యగారూ, ఇది ఒక్కసారి పెట్టుకోండి" అని తామే సర్దారు. మేము పాట పెట్టాము. ఆయన మొదట కదలలేదు. తరువాత చేయి పైకెత్తి, ఎవరూ మాట్లాడవద్దన్నట్టు ఉంచారు. వింటున్నవారు గట్టిగా మాట్లాడినట్టుగా, "ఇది లేసు అల్లుతా పాడింది కదరా!" అన్నారు.

"అవును నాన్నగారూ."

కొంచెం సేపయ్యాక, "గాజులు వినపడుతున్నాయా అందులో?" అని అడిగారు.

వినబడుతున్నాయని తల ఊపాము.

"నాకు వినపడ్డంలేదు. ఉండాలే మరి. చెయ్యి తిప్పినప్పుడల్లా మోగేవి," అన్నారు.

ఆ చప్పుడు ఆయన చెవి దాటిపోయింది. ఏ పెట్టె అయినా, దాని మీద ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, దానిని వెనక్కి తేలేదు. మేము హెడ్‌ఫోను విప్పి ఒక ప్రక్క ఆయన చెవికి, రెండవ ప్రక్క మా చెవికి ఆనించుకొన్నాము. గాజులు మోగినప్పుడల్లా ఆయన అరచేతిలో వేలితో తట్టాము. ఆయన కన్నులు మూసుకొని ఉన్నారు. క్యాసెట్టు ఆ వైపు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాము.

ఈ పెట్టెను కొనమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ గాజులను మామూలు ఫోనుకు మంచి వైరు పెట్టినా వినవచ్చు. డిస్కు ప్రమాణంలో దించినా అవి నిలిచేవే. మా మేనల్లుడు తుడిచిన హెడ్డు, తిప్పిన మర, దేనినీ తీసివేయని అతని ఓపిక, ఇవే వాటిని బయటికి తెచ్చాయి. ఎక్కువ కొలత దాచేటప్పుడు పనికి వస్తుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కూడా పాత శబ్దాలను కనీసం 48,000 లెక్కన, 24 బిట్లలో దాచమని చెబుతుంది. ముందు ముందు ఎవరైనా శుభ్రపరచాలనుకొంటే అసలుది చెడకుండా ఉంటుంది.

మీ ఇంటి అటక మీద, బీరువా అడుగున ఇటువంటి క్యాసెట్టు ఒకటైనా ఉండే ఉంటుంది. పెండ్లి మాటలో, తాతగారి గొంతో, చిన్న పిల్లల అల్లరో అందులో ఉంటుంది. గంట క్యాసెట్టులో ఉన్నది సుమారు 86 మీటర్ల సన్నని టేపు. తేమకు బూజు పడుతుంది, వేడికి వంకర పోతుంది. దానికంటె ముందే డెక్కులు, వాటిని బాగుచేసేవారు లేకుండా పోతారని 2019లోనే యునెస్కో, ఆ భాండాగారాల సంఘం కలిసి హెచ్చరించాయి. కనుక ఆలస్యం చేయవద్దు. దించేవారితో, "ముందు ఏమీ తీయకుండా ఒకటి దించండి" అని తప్పక చెప్పండి. రెండు చోట్ల దాచండి. క్యాసెట్టును మాత్రం పారవేయవద్దు.

మరునాడు తిరుగు ప్రయాణంలో ఆ పెట్టె మా దగ్గర లేదు. నాన్నగారి మంచం ప్రక్కన, గూటిలో చెవి యంత్రం దగ్గర పెట్టి వచ్చాము. ఏ మీట నొక్కాలో పొరుగింటి అబ్బాయికి నేర్పాము. ఆదివారం ఫోను చేసినప్పుడు నాన్నగారు ఆ అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకొని పాట వింటున్నారట. గాజులు మోగినప్పుడు చేతిలో తట్టమని వాడికి కూడా చెప్పారట.