దహ్రాన్ గుట్ట కింద కాఫీ

రియాద్ రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వెడల్పాటి రోడ్లు, అద్దాల మేడలు, ఎటు పోవాలన్నా కారు. దమ్మాం రైలెక్కాక మాత్రం ఊపిరాడింది. కిటికీలోంచి ఇసుక, హొఫూఫ్ దగ్గర ఖర్జూర తోటలు, మళ్లీ ఇసుక. పెట్టెలో ఏసీ ఎముకలు కొరికేంత చలి పుట్టించింది. దుప్పటి లేకుండా ఆ రైలు ఎవరూ ఎక్కొద్దు.

దమ్మాంలో దిగేసరికి మా బావ వచ్చి ఉన్నాడు. మాది జగిత్యాల వైపు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ఊళ్లు మావి. బావ సౌదీలో డ్రైవరుగా చేరి ఇరవై ఏళ్లు దాటింది. శుక్రవారం సెలవు కాబట్టి దహ్రాన్ చూపిస్తానన్నాడు.

దహ్రాన్ అంటే ముందు చమురు. 1938 మార్చిలో ఇక్కడి ఏడో నంబరు బావిలో చమురు పొంగింది. అంతకుముందు తవ్వినవేవీ కలిసిరాలేదు. ఖర్చు దండగ, ఆపేద్దామా అనుకుంటున్న వేళ దాదాపు 1,440 మీటర్ల లోతున దొరికింది. సౌదీ రాత అక్కడే మారింది. ఆ చుట్టుపక్కలే గుట్ట మీద కింగ్ ఫహద్ పెట్రోలియం యూనివర్సిటీ ఉంది. 1963లో కాలేజీగా మొదలైంది. 2021లో గానీ డిగ్రీ కోర్సుల్లో అమ్మాయిలు అడుగుపెట్టలేదు.

ఆ గుట్ట దిగాక కొద్ది దూరంలో ఉన్న చిన్న కాఫీ షాపు దగ్గర కారు ఆపించాను. ఏ పెద్ద కంపెనీ బోర్డూ లేదు. లోపలంతా బూడిదరంగు సిమెంటు గోడలు, నడుము విరిచేంత పొట్టి స్టూళ్లు. కొత్త షాపులన్నింటికీ ఈ స్టూళ్ల పిచ్చి ఎందుకు పట్టిందో కానీ, పెద్దవాళ్లు వస్తారన్న ఆలోచనే ఉండదు. బావ గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఇది మనకు గాదు. ఒక్క కాఫీకి పద్దెనిమిది రియాళ్లట. పక్క సందుల మలయాళీ దుకాణంల రెండు రియాళ్లకు కడక్ చాయ్ దొరుకుతది. ఆడికి పోదాం నడు."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని పిల్లలు చదువుకుంటున్నారు. ఒక బల్ల దగ్గర ముగ్గురు అమ్మాయిలు లెక్కలు చేసుకుంటున్నారు. బావ వచ్చిన కొత్తలో హోటలంటే ఆడవాళ్లతో వచ్చినవాళ్లకు ఒక గుమ్మం, ఒంటరి మగవాళ్లకు ఇంకో గుమ్మం. 2019 డిసెంబరులో ఆ నిబంధన ఎత్తేశారు.

కౌంటరు వెనక సన్నటి గడ్డం, నల్ల ఏప్రన్‌తో ఒక కుర్రాడు. గుట్ట మీది యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడట, సాయంత్రాలు ఇక్కడ పని. సౌదీ పిల్లవాడు. బావ నా చెవిలో రెండుసార్లు అడిగాడు, "నిజంగ సౌదీవాడేనా?" అని.

ఇథియోపియా, కొలంబియా గింజల డబ్బాలు పక్కన పెట్టి, కుర్రాడు తమ జాజాన్ గింజలు తీశాడు. యెమెన్ సరిహద్దులోని ఆ కొండల్లో ఖౌలానీ కాఫీని తరాలుగా పండిస్తున్నారు. ఆ సాగు పద్ధతిని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఏడాదినే సౌదీ ప్రభుత్వం కాఫీ సంవత్సరంగా జరుపుకుంది.

గింజల్ని చిన్న త్రాసులో తూచాడు. మరలో వేసి పట్టిన పొడిని ముందు బావ ముక్కు దగ్గరికి తెచ్చాడు. బావ వాసన చూసి తలూపాడు. గాజు గరాటులో కాగితం పరిచి, తడిపి, పొడి వేశాడు. కొంగమెడ లాంటి కొమ్మున్న కెటిల్‌తో కొద్దిగా వేడినీళ్లు పోసి ఆగాడు. పొడి ఉబ్బి బుడగలు తేలాయి. బుడగలు అణిగాక మళ్లీ గుండ్రంగా, సన్నటి ధారగా పోశాడు. కన్ను గడియారం మీద, చెయ్యి ధార మీద. డికాక్షన్ దిగేదాకా మాట్లాడలేదు.

తర్వాత ట్రేలో రెండు కప్పులు, కొన్ని ఖర్జూరాలు పెట్టుకుని కౌంటరు దాటి వచ్చాడు. పెద్దవాడని బావకు ముందు, కుడిచేత్తో అందించాడు. బావ లేచి నిలబడి అందుకున్నాడు.

పాలు లేవు, చక్కెర లేదు. నాకు ఎండుద్రాక్ష పులుపు తగిలింది. బావ ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, కాసేపటికి అన్నాడు: "ఇన్నేండ్లల్ల కఫీల్ సేట్ల ఇండ్లల్ల గావా కాఫీ శానసార్లు తాగిన. పోసేటోడు ఎప్పుడూ మనలాంటోడే. సౌదీ పిలగాడు నాకు తెచ్చియ్యడం గిదే మొదటిసారి."

కుర్రాడితో అరబ్బీలో ముచ్చట పెట్టాడు. మా దేశంలో కాఫీ ఉందా అని ఆ పిల్లవాడు నన్ను ఇంగ్లీషులో అడిగాడు. అరకు గురించి చెప్పాను. గిరిజన రైతులు చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పండిస్తారనీ, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ చెప్పాను. హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడనే కథ చెబితే కళ్లు మెరిశాయి. 1511లో మక్కాలో కాఫీని కొన్నాళ్లు నిషేధించారని అతను చెప్పాడు. జనం కూడి మాట్లాడుకుంటారని అక్కడి అధికారికి భయమట. చుట్టూ ఉన్న బల్లలు చూస్తే అధికారి భయపడింది ఎందుకో అర్థమవుతుంది. జనాన్ని కలపడంలో కాఫీని మించినది లేదు.

కారెక్కాక బావ నితాఖాత్ ఎత్తాడు. 2011లో వచ్చిన ఆ విధానం కంపెనీలు ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలని లెక్క కట్టింది. తర్వాత మావైపు చాలామంది ఇంటిదారి పట్టారు. "మన పని ఆళ్లు జేస్తే మనకేం మిగుల్తది? గాని ఆ పిలగాడు సదువుకుంటనే పనిజేస్తుండు. తప్పనెట్ల అంటం?" ఆ రెండు మాటలూ నిజమే. తన పొట్ట మీదికి వచ్చే మార్పును కూడా న్యాయంగా తూచగలిగిన మనిషి మా బావ.

మనవాళ్లు సౌదీ వెళ్లి మక్కా, మదీనా, అల్ ఉలా చూసి వస్తున్నారు. ఒక సాయంత్రం ఏదైనా యూనివర్సిటీ పక్క కాఫీ షాపులో కూర్చోండి. ఒంటరిగా వెళ్లొద్దు. ఆ ఊరి రోడ్ల మీద ఏళ్ల తరబడి బండి నడిపి, ఇలాంటి గుమ్మం ఒక్కటీ దాటని మన ఊరివాడు దగ్గర్లోనే ఉంటాడు. అతన్ని వెంట తీసుకెళ్లండి, కాఫీ డబ్బులు మీరే ఇవ్వండి.