వేట నిషేధం, మెత్తటి గుడ్డు: సోలై నగర్ డైరీ

ఏప్రిల్ 15, 2025, మంగళవారం

నిన్న అర్ధరాత్రి నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు. మా యానాంలోనూ ఇవే తేదీలు. మాహేది పడమటి సముద్రం కాబట్టి అక్కడ జూన్, జులై నెలలు. పుదుచ్చేరి ప్రభుత్వం ఒకటే, నిషేధాలు మాత్రం రెండు. ఇక్కడ పుదుచ్చేరి సోలై నగర్ ఒడ్డున కట్టుమరాలు, చిన్న పడవలు కదులుతూనే ఉంటాయి, ఆగేవి మరబోట్లు. అందుకని చేప బొత్తిగా దొరకకపోదు. వంజరం ధర వింటే మాత్రం ఆకలి చచ్చిపోతుంది. పక్కింటి అక్క వాళ్లది చేపల ఇల్లే. ఆవిడే పొద్దున్న ఒక ట్రే గుడ్లు తెప్పించుకుంది. నేనూ అదే దారి.

ఏప్రిల్ 17, గురువారం

యానాం నుంచి అత్తయ్య వచ్చారు. పొద్దున్నే బ్రెడ్డు మీద మెత్తగా చేసిన గుడ్డు, అందులో కలిపిన చీజ్. ప్లేటు ముందు పెట్టగానే, "ఇదేంటమ్మా, ఉడకందే దించేశావ్! నీచు కొడుతుంది" అన్నారు.

"ఉడికింది అత్తయ్యా, పొడి అవ్వలేదు అంతే" అన్నాను. నమ్మలేదు.

ఆవిడ లెక్క ఆవిడది. గోదావరి ఇళ్లలో గుడ్డు పొరటు అంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి బాగా వేగాలి, పసుపూ కారం పట్టాలి, గుడ్డు పొడిపొడిగా విడిపోవాలి. వేడన్నంలో కలుపుకోవడానికి అలాగే ఉండాలి, తడిగా ఉంటే ముద్ద చిత్తడవుతుంది. అదే పొరటు బ్రెడ్డు మీద వేస్తే సగం ఒళ్లో రాలుతుంది. దేనితో తింటామన్న దాన్ని బట్టి గుడ్డు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఇందులో పెద్ద నాగరికత ప్రశ్నేమీ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. యూరప్‌లో పాతకాలంలో ఈస్టర్ ముందటి ఉపవాసాల్లో మాంసంతో పాటు గుడ్డూ నిషిద్ధమే. కోళ్లకి ఉపవాసం లేదు కదా, పెడుతూనే ఉండేవి. పండగ నాటికి ఇళ్లలో గుడ్లు గుట్టలు. ఈస్టర్‌కీ గుడ్డుకీ ఉన్న చుట్టరికంలో ఈ లెక్కకి పెద్ద వాటాయే ఉంది. రేపు ఫ్రాన్సులో బెసియేర్ అనే ఊళ్లో 15 వేల గుడ్లతో ఆమ్లెట్ వేసి జనానికి పంచుతారు, 1973 నుంచి వస్తున్న ఆనవాయితీ. అంత పెద్ద పెనంలో గుడ్డు మెత్తగా రావడం మాత్రం నేను నమ్మను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈ మెత్తటి గుడ్డు ఎలా చేస్తానని అడుగుతున్నవాళ్ల కోసం రాసి పెడుతున్నా.

ఇద్దరికి నాలుగు గుడ్లు. కొట్టి, ఉప్పు వేసి, తెల్లసొన తీగలు కనపడకుండా పోయేదాకా గిలకొట్టాలి. వీలుంటే పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. ముందే పడిన ఉప్పు గుడ్డులోని నీటిని పట్టి ఉంచుతుంది, తరవాత ప్లేట్లో నీళ్లూరవు. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి ఇక్కడ చెయ్యి తగ్గించాలి. పాలు పోయొద్దు.

నాన్‌స్టిక్ పెనం, స్టవ్ సిమ్‌లో. రెండు చెంచాల వెన్న కరగాలి, చిటపటలాడకూడదు. గుడ్డు పోసి చెక్క గరిటెతో అడుగు గీకుతూ తిప్పుతూనే ఉండాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు. అందరూ మంట పెంచేది అప్పుడే. పెంచొద్దు. ఆ తరవాత ఉన్నట్టుండి చిక్కబడుతుంది. ఇంకా కాస్త జారుగా ఉందనగానే పెనం దించేసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మెత్తటి చీజ్ నలభై గ్రాములు ముక్కలుగా వేసి కలపాలి. మిరియాల పొడి. ఉల్లికాడలుంటే సన్నగా తరిగి పైన.

లోపల జరిగేది ఇదీ. గుడ్డులో ముప్పాతిక వంతు నీరే. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి గట్టిపడుతుంది. రెండూ గిలకొట్టి కలిపితే దాదాపు 73 దగ్గర ముద్దవుతుంది. వేడికి ప్రొటీన్లు విడివడి ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, ఆ కళ్లలో నీరు నిలుస్తుంది. వేడి ఇంకా తగిలితే వల బిగుసుకుంటుంది, నీరు బయటికొస్తుంది. రబ్బరులాంటి గుడ్డూ, దాని చుట్టూ నీళ్లూ మిగులుతాయి.

చీజ్ రుచి కోసమే అనుకుంటాం. దాని అసలు ఉద్యోగం చల్లార్చడం. దించాక కూడా పెనంలోని వేడి గుడ్డుని ఉడికిస్తూనే ఉంటుంది. ఫ్రిజ్ చల్లదనంతో పడిన చీజ్ ఆ ఉడుకుని అక్కడికక్కడే ఆపుతుంది. ఇక అందులోని కొవ్వు ప్రొటీన్ల మధ్య దూరి వాటిని మరీ బిగుసుకోనివ్వదు.

ఏప్రిల్ 23, బుధవారం

ఫ్రెంచి వంటకి శాస్త్రం రాసిన ఎస్కోఫియే తన 1903 నాటి పుస్తకంలో గుడ్డు వంటలన్నిట్లోకీ గిలకొట్టి చేసే ఈ గుడ్డునే పైన పెట్టాడు, మెత్తగా వస్తేనే సుమా అని షరతు పెట్టి. అంతకు ముందు కాలంలో దీన్ని నేరుగా పొయ్యి మీద పెట్టేవాళ్లు కాదట, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి ఆవిరి వేడికే చేసేవాళ్లు. ఇవాళ చేసి చూశాను. బాగుంది. కానీ ఆఫీసు బస్సు ఉన్నవాళ్ల పని కాదు.

ఏప్రిల్ 24, గురువారం

చీజ్ సంగతి. ఆరోవిల్‌లో లా ఫెర్మ్ వాళ్లు చేసే రికోటా, ఫెటా, మొజరెల్లా ఊళ్లో దొరుకుతాయి. విదేశీ డబ్బాల కంటే అవే నయం. ఇక్కడి పాలతో, ఇక్కడే చేసినవి. అయితే అన్నీ ఈ వంటకి పనికిరావు. మొజరెల్లా తీగలు సాగి గరిటెకి చుట్టుకుంటుంది. ఫెటా కరగదు, ఉప్పు ముక్కలుగా పంటికి తగులుతుంది, అది ఇష్టమైనవాళ్లు వేసుకోవచ్చు. రికోటా కూడా కరగదు గానీ పలుకు సన్నం కాబట్టి కలిసిపోతుంది. నా ఓటు క్రీమ్ చీజ్‌కి, అది లేనప్పుడు రికోటాకి.

పనీర్ ఎందుకు కరగదని మా ఆయన అడిగారు. పాలు మరిగించి, పులుపు పోసి విరుస్తాం. ఆ వేడికి తేటలో పోవాల్సిన ప్రొటీన్లు కూడా గడ్డలోనే అతుక్కుపోతాయి. అందుకే ఎంత కాల్చినా ముక్క ముక్కగానే ఉంటుంది. పొరటులో తురిమి వేస్తే బాగుంటుంది, ఇందులో కాదు.

ఇవేవీ దొరకకపోతే రేకు చుట్టిన మూడు మూలల చీజ్ ముక్కలు చాలు. నవ్వే ఆవు బొమ్మ చీజ్ ఫ్రాన్సులో 1921లో పుట్టింది. 2022లో బ్రిటానియా వాళ్లు ఆ కంపెనీతో కలిశాక మన కిరాణా కొట్లలోకీ వచ్చింది. కరిగేందుకు ప్రత్యేకంగా లవణాలు కలిపి చేసే రకం, తిన్నగా కరుగుతుంది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లని నేను చిన్నచూపు చూస్తాను.

ఏప్రిల్ 27, ఆదివారం

సాయంత్రం ముత్యాల్‌పేట వైపు పరోటా కొట్టు. కలక్కి అనే గుడ్డు వంట చెప్పాం. మాస్టరు గుడ్డులో కాస్త సాల్నా, అంటే పరోటాలోకి పోసే గ్రేవీ, కలిపి గిలకొట్టి, కాలుతున్న పెనం మీద పోసి, అంచులు గట్టిపడకముందే గరిటెతో నాలుగు వైపులా లోపలికి మడిచి ప్లేట్లోకి తోసేశాడు. పైన పొర, లోపల జారు. కొంగునాడు వైపు నుంచి వచ్చిన వంట ఇది, ఇప్పుడు తమిళ ఊళ్లన్నిట్లో ఉంది.

ఫ్రెంచివాడు సన్న మంట మీద నిమిషాల తరబడి నిలబడి సాధించింది ఇతను భగభగ మంట మీద కళ్లు మూసి తెరిచేలోపు సాధించాడు. పద్ధతి తలకిందులు, రహస్యం ఒకటే: అయిపోకముందే దించడం. ఫ్రెంచి వీధుల్లో కెఫేలు వెతుక్కుంటూ వచ్చే టూరిస్టులకి ఈ కొట్టు ఎవరూ చెప్పరు.

అత్తయ్య రెండు పరోటాలు తిన్నారు, కలక్కి ముట్టలేదు.

మే 2, శుక్రవారం

ఇక్కడి గుడ్లు ఎక్కువగా నమక్కల్ నుంచి వస్తాయి. మా యానాంలో అయితే అనపర్తి వైపు నుంచి. కొట్టతను "నమక్కల్ రేటు తగ్గింది అక్కా" అన్నాడు. వేసవిలో గుడ్డు వేడి చేస్తుందని జనం మానేస్తారు, ధర జారుతుంది. కోడి మాత్రం మానదు.

ఈ రోజువారీ రేటు ప్రకటించేది నెక్, అంటే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం. 1982లో దాన్ని నిలబెట్టింది బి.వి.రావు గారు, బండా వాసుదేవరావు, వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన మన తెలుగాయన. అప్పటిదాకా దళారి చెప్పిందే రేటు. రైతులే తమ గుడ్డుకి ధర చెప్పుకోవాలన్నది ఆయన పట్టు. నమక్కల్, విజయవాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి... వంద గుడ్లకి ఇంత అని ఈనాటికీ ఆ పట్టిక వస్తూనే ఉంది.

మే 4, ఆదివారం

కత్తిరి ఎండలు మొదలు. గుడ్లు బయట ఉంచొద్దు. అనుమానం ఉంటే నీళ్లలో వెయ్యి: మునిగి పడుకుంటే తాజా, నిలబడితే పాతది, తేలితే పారెయ్యి. చీజ్ కొనేటప్పుడు ఇంటికి పది నిమిషాల్లో చేరగలవా అని ముందు చూసుకో.

మే 8, గురువారం

ఈ ఊళ్లో డైరీ రాసేవాళ్లందరికీ పెద్దాయన ఆనందరంగ పిళ్లై. డూప్లే దొరకి దుబాసీ. 1736 నుంచి పాతికేళ్లపాటు తమిళంలో రాసుకున్నాడు. తెలుగు కవుల్ని ఆదరించాడు, కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' ఆయనకే అంకితం. యుద్ధాలు, బేరాలు, దర్బారు మర్యాదలు అన్నీ ఉన్న డైరీ అది. నాది గుడ్ల పద్దు.

మే 10, శనివారం

అత్తయ్యకి డెబ్బై దాటాయి. జారు గుడ్డు తినాలని ఆవిణ్ణి బలవంతపెట్టడం మానేశాను. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే 71 డిగ్రీల దగ్గర వెంటనే చస్తుంది, అంతకు తగ్గితే చావడానికి ఎక్కువ సేపు పడుతుంది. మెత్తగా దించినది ఆ గీతకి కాస్త ఇవతలే ఉండొచ్చు. పెద్దవాళ్లకీ, పసిపిల్లలకీ, గర్భిణులకీ పూర్తిగా ఉడికినదే పెట్టాలి. కడుపుతో ఉన్నవాళ్లు పచ్చిపాలతో చేసిన మెత్తటి చీజ్ కూడా తినకూడదు.

కాబట్టి మా ఇంట్లో పొద్దున్న రెండు పెనాలు. ఆవిడకి పొడిపొడి పొరటు, మాకు మెత్తటిది. గుడ్లూ ఉప్పూ ఒకటే, తేడా అంతా నాలుగు నిమిషాలదీ, పది డిగ్రీలదీ. మీ ఇంట్లో చేసేటప్పుడు ఖరీదైన చీజ్ కోసం వెతకొద్దు, మంట తగ్గించండి చాలు.