రెండు తలుపుల కారు

మా హోసూరు వీధిలో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు నాదొక్కటే. పదిహేడేళ్ళది, మూడు చేతులు మారి వచ్చింది. రెండు లక్షలకు కొన్నాను. మూడేళ్ళలో మరమ్మతులకు అంతకంటే ఎక్కువే పోసాను.

ఇనుముతో కాదు, రబ్బరుతోనే బాధంతా. గొట్టాలు, బుష్షులు, సీళ్ళు బండి నిలబెట్టినా ఎండి పగుళ్ళిస్తాయి. టైమింగ్ బెల్టయితే చెప్పాపెట్టకుండా తెగుతుంది. ఇలాంటి ఇంజనులో తెగిందంటే వాల్వులు వంగినట్టే. విడిభాగాలకు చెన్నై పుదుప్పేట పోవాలి. అంగడాయన నా అరవం విని, "మనోళ్ళేనా సార్?" అని తెలుగులోకి దిగాడు. ధర మాత్రం దిగలేదు!

పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపుకు 2022 ఏప్రిల్‌కు ముందు రూ. 600 ఉండేది, ఆ నెలలో రూ. 5,000 అయింది.

"అమ్మేస్తే పాప ఫీజుకైనా వస్తుంది కదండీ" అంటుంది మా ఆవిడ. మొన్న బేరానికొచ్చినాయన కారు చుట్టూ తిరిగి, కిలో లెక్కన ధర చెప్పాడు.