చవితికి ముందు

ఆగస్టు 4, 2025
ఫిలింనగర్‌లో సిట్టింగ్. ఇంటర్వెల్ ముందు హీరో ఎండోమెంట్స్ ఈఓ మీద గర్జించాలట. దేవుడి హుండీలో సర్కారు చెయ్యేంటని. రెండు పేజీలు. ఇన్నాళ్లకు నేను నమ్మే మాట రాయమన్నారు. అడ్వాన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు 7
1987 దేవాదాయ చట్టం తిరగేశాను. అర్చకుల వంశపారంపర్య హక్కులు దాంతోనే పోయాయి. తెచ్చింది ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం. తెర మీద రాముడూ కృష్ణుడూ ఆయనే! 1996లో సుప్రీంకోర్టూ సరేనంది. డైరెక్టరుకి చెబితే, "ఆ పేరు మాత్రం తేకండి."

ఆగస్టు 10
చిలుకూరు బాలాజీ గుడి. హుండీ లేదు. డబ్బు పడే చోటే లేకపోతే లెక్కలడిగేదెవరు? పదకొండు ప్రదక్షిణలు చేశాను. ఏమీ కోరుకోలేదని చెప్పుల దగ్గర గుర్తొచ్చింది.

ఆగస్టు 12
సర్కారు చెయ్యి వద్దన్న ఇంకో మనిషి, ఎన్.జి. రంగా గారు. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సేద్యం అనగానే నిడుబ్రోలు మనిషి బయటికొచ్చేశాడు. స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు. వెనక రాజాజీ. పర్మిట్లొద్దు, లైసెన్సులొద్దు. మరి మనిషికి పగ్గమేది? ధర్మం, అంటాడు రాజాజీ. పార్టీలోనే ఉన్న మినూ మసానీకి ఆ మాట మింగుడుపడి ఉండదు.
సరే, ధర్మాన్ని నడిపేదెవరు? ఊళ్లో అయితే మా తాత. ఆయన మాటకి అప్పీలు లేదు.

ఆగస్టు 14
మెయింటెనెన్స్ బిల్లు అడుగున కొత్త లైను. వినాయక చవితి, 2,500. ఇస్తారా అని అడగలేదు, కలిపేశారు. లిఫ్టులో మూడో ఫ్లోరు నర్సు. ఆదివారాలు చర్చికెళ్తుంది. "కట్టేశాను సార్, ఎందుకొచ్చిన గొడవ."
ఇక్కడ సర్కారు లేదు. ఈఓ లేడు.

ఆగస్టు 18
1939. మధుర మీనాక్షి గుళ్లోకి దళితులు అడుగుపెట్టారు. తీసుకెళ్లినవాళ్లు కోర్టుల చుట్టూ తిరక్కుండా చట్టం తెచ్చిందెవరు? అప్పటి మద్రాసు ప్రధాని రాజాజీయే. ధర్మం తనంతట తాను తలుపు తీస్తుందని కూర్చోలేదు. ఇరవయ్యేళ్ల తర్వాత, స్వతంత్ర పార్టీ నాటికి, దీన్ని ఏ పద్దులో వేసుకున్నాడో.
సీన్లో గుడి బయట ఒక ముసలావిడను పెట్టాను. "మీ తాతల కాలంలో నన్ను లోపలికి రానిచ్చేవాళ్లా బాబూ?" అంటుంది. హీరోకి జవాబు రాయలేకపోయాను.

ఆగస్టు 20
ముసలావిడ ఎగిరిపోయింది. ఫ్లో దెబ్బతింటోందట. ఊరుకోక మణికొండ దర్గా భూమి ఊసెత్తాను. 1654 ఎకరాలు. వక్ఫ్‌ది కాదు, సర్కారుదేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. దేవుడి సొత్తు ముట్టొద్దని హీరో అంటే, అదీ అందులోకి వస్తుంది కదా? ఎవరూ పలకలేదు. టీలు తెప్పించారు.
షేక్‌పేట నాలా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ అదే ఆలోచన. నాకు మాత్రం మొదట గుడే ఎందుకు గుర్తొచ్చింది?

ఆగస్టు 23
చందా ఇష్టమున్నవాళ్లే ఇచ్చేలా పెట్టమని అపార్ట్‌మెంట్ సెక్రటరీని అడిగాను. "మీకు భక్తి లేదా అంకుల్?" ఉంది కాబట్టే... అనేలోపు ఫోనెత్తాడు. రేపు మీటింగ్. చేతులెత్తి తేల్చేస్తారట. నర్సుకి డ్యూటీ. మెజారిటీ వస్తుంది, తెలుసు. వస్తే సరిపోతుందా?