కడుపునొప్పి - మూత్రపరీక్ష

మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గుగనిలో నుద్యోగి. మఱదలి పుట్టినిల్లు మహబూబాబాదు. మా కాపురము జనగామ. మూడేండ్లపాటు ఈ మూడిండ్లలోను ఆమె కడుపునొప్పియే ముచ్చట. నెలసరికి ముందు నొప్పి మొదలై, నాలుగైదు దినములు వాంతులు, మలబద్ధము, నిద్రలేమి, కాళ్లలో నీరసము కలుగుచుండెను. స్కానింగులో నేమియు కానరాదు. ఒకచోట అపెండిసైటిసని కోసిరి. నొప్పి మరల వచ్చెను. తుదకు అది పని తప్పించుకొను వేషమన్నవారిలో మేమును నుంటిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది.

గత కార్తికమున సోమవారపు టుపవాసములు చేయుచు ఆమె మా యింటనే పడిపోయెను. మూత్రము ఎఱ్ఱగా, ముదురు టీనీళ్లవలె వచ్చుచున్నదని మాతో మెల్లగా చెప్పెను. ఇంతకుముందు సిగ్గుచే ఏ వైద్యునికిని చెప్పలేదట! ఆ మాట విని వైద్యురాలు పోర్ఫోబిలినోజెను పరీక్ష వ్రాసెను. వెలుతురు సోకకుండ సీసాకు నల్లకాగితము చుట్టి, మంచులో నుంచి హైదరాబాదునకు పంపిరి. ఫలితము సామాన్యమునకు పదిరెట్లు మించెను. వ్యాధి తీవ్ర పోర్ఫిరియా.

రక్తమున కెఱుపునిచ్చు హీము అను పదార్థము కాలేయమునందును తయారగును. ఆ పనిలో నొక మెట్టు పుట్టుకతో కుంటువడినచో, నడిమి పదార్థములు పేరుకొని నరములను బాధించును. ఉపవాసము, నెలసరి మార్పులు, కొన్ని నిద్రమందులు, మూర్ఛమందులు, సల్ఫామందులు దీనిని రెచ్చగొట్టును.

1941లో వాట్సన్, ష్వార్ట్జ్ అనువారు దీనిని రంగుచే గుర్తించు పరీక్షను ప్రకటించిరి. నేడు క్రియాటినినుతో పోల్చి కొలుతురు. దినమంతయు మూత్రము కూడబెట్ట నక్కఱలేదు. ఒక్కమారు పట్టినది చాలును. కాని నొప్పి యున్నపుడే పట్టవలెను. తగ్గిన పిమ్మట కొందఱిలో ఫలితము మామూలగును. వట్టి పోర్ఫిరినుల పరీక్ష చాలదు. అవి యితర కారణములచేతను పెరుగును. రంగు మాఱినంతనే యీ జబ్బనుకొనరాదు, మాఱకున్నను కాదనరాదు.

మఱదలికి గ్లూకోజెక్కించి, వాడరాని మందుల పట్టిక చేతికిచ్చిరి. తీవ్రమైన పట్టునకు హీమిను సూదిమందు గలదు. ఈ లోపము బిడ్డలలో నొక్కొక్కరికి సగము వంతున రావచ్చును; అయినను లోపమున్నవారిలో పెక్కురకు నొప్పి యెన్నడును రాదు.

సోదరీమణులారా! మీ యింట నెవరైన మాటిమాటికి కారణము తెలియని కడుపునొప్పితో బాధపడినచో, వేషమనుటకు ముందు ఈ పరీక్షను గూర్చి వైద్యుని అడుగుడు. మూత్రపు రంగు చెప్పుటకు సిగ్గుపడకుడు.

ఈ కార్తికమున మా మఱదలు దీపము మాత్రమే వెలిగించెను. ఆమెకు వేళకు అన్నము పెట్టి, సోమవారములు మేమే యుపవసించితిమి.