వెనక సీట్లో టివిడేల్ యాత్ర

ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళకి టివిడేల్ బాలాజీ గుడి అంటే చిన్న తిరుపతి కిందే లెక్క. బర్మింగ్‌హామ్ పక్కన, తిరుమల నమూనాలో కట్టిన ఈ ఆలయంలో 2006లో స్వామివారి ప్రతిష్ఠ జరిగింది. మేముండే రెడింగ్ నుంచి సుమారు 110 మైళ్ళు. ఏ34 మీద ఆక్స్‌ఫర్డ్ దాటి, ఎం40 ఎక్కి పైకి పోవడమే. ట్రాఫిక్ కరుణిస్తే రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

మొన్న వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. అమ్మకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. మోకాళ్ళ నొప్పులు. గంటసేపు కదలకుండా కూర్చుంటే దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సిందే. వచ్చిన వారంలోనే తేల్చి చెప్పేసింది: "మీరు వెళ్ళి దణ్ణం పెట్టుకు రండ్రా, నేనింట్లోనే ఉంటాను."

అదే సమయంలో మేం కొత్త కారు కొందామని చూస్తున్నాం. హైబ్రిడ్డా, ఎలక్ట్రిక్కా అన్నది తేలడం లేదు. మైలేజీ, ఛార్జింగ్ లెక్కలు ఎవరైనా చెప్తారు. వెనక సీట్లో రెండు గంటలు కూర్చుంటే ఎలా ఉంటుందో మాత్రం కూర్చున్నవాళ్ళే చెప్పాలి. అందుకని నెల తేడాతో రెండుసార్లు అద్దె కారు తీసుకున్నాం. అదే దారి, అదే ఐదుగురం: నేనూ, మా ఆవిడా, అమ్మా నాన్నా, ఎనిమిదేళ్ళ మా బాబు.

మొదటిసారి హోండా జాజ్ హైబ్రిడ్. చూడ్డానికి చిన్నదే గానీ లోపల తల పైన బోలెడు ఖాళీ. సీటు మరీ కిందికి ఉండదు, మరీ ఎక్కాల్సిన ఎత్తులోనూ ఉండదు. చీర కట్టుకున్న మనిషి ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంటే సరిపోతుంది. దీని పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కింద ఉంటుంది. అందుకే వెనక సీటు అడుగుభాగాన్ని సినిమా హాల్లో కుర్చీలా పైకి మడవచ్చు. మర్నాడు నాన్నా నేనూ నర్సరీకి వెళ్ళి, నడుమెత్తు గులాబీ మొక్కని కుండీతో సహా నిలువుగా అక్కడే పెట్టి తెచ్చాం. డిక్కీ 304 లీటర్లు. పూజ సంచీ, పులిహోర డబ్బా, గుళ్ళో అమ్మకోసం మడత స్టూలు హాయిగా పట్టాయి. అయితే వెనక ముగ్గురు కూర్చుంటే భుజాలు ఒరుసుకోక తప్పదు. ఈ సైజు కార్లన్నిటికీ ఉన్నదే అది.

రెండోసారి ఎలక్ట్రిక్ హ్యాచ్‌బ్యాక్. తలుపు తియ్యగానే మా వాడు "తాతయ్యా, కింద గట్టు లేదు!" అని కేకేశాడు. పొగగొట్టం లేదు కాబట్టి నేల చదునుగా ఉంది. ముందు ఇంజను లేదు కాబట్టి చక్రాలు రెండు చివరలకీ జరుగుతాయి. ఫోక్స్‌వ్యాగన్‌లో ఐడీ.3 పొడవులో గోల్ఫ్ కంటే కాస్త తక్కువే, కానీ ముందు వెనక చక్రాల మధ్య దూరం దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ లాభమంతా వెనక కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ ముందు కనిపిస్తుంది. పైగా చప్పుడు లేదు, వణుకు లేదు. నాన్న ఆక్స్‌ఫర్డ్ రాకముందే గుర్రు పెట్టేశారు.

బాన్‌బరీ దాటాక అమ్మ అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. కాళ్ళు చాచుకునే చోటుంది, మరేమిటి ఇబ్బంది? అద్దంలోంచి చూస్తే తెలిసింది. మోకాళ్ళు నడుము కంటే పైకి ఉన్నాయి, తొడలు సీటుకి ఆనడం లేదు. బ్యాటరీ నేలకింద పరిచి ఉంటుంది. నేల పైకి వస్తుంది గానీ కప్పు అంత పైకి రాదు. దాంతో సీటుకీ నేలకీ మధ్య ఎత్తు తగ్గుతుంది. పీట మీద కూర్చున్నట్టు బరువంతా నడుము కిందే పడుతుంది. ఇది అన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఒకేలా ఉండదు. బ్యాటరీ ఎంత పలచగా ఉంటే అంత నయం.

వారిక్ సర్వీసెస్‌లో ఛార్జింగ్ కోసం అరగంట ఆగాం. పులిహోర తిన్నాం, అమ్మ నాలుగు అడుగులు నడిచింది. హైబ్రిడ్‌తో వచ్చినప్పుడు ఆగే పనిలేదని ఆగనేలేదు. ఈ ఆగడం ఆవిడ కాళ్ళకి మేలే చేసింది. బయల్దేరేటప్పుడు మా ఆవిడ వెనక్కి వెళ్ళి అమ్మని ముందు కూర్చోబెట్టింది. ముందు సీటుని పైకి లేపి, వాలు సరిచేశాం. గుడి దగ్గర అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే దిగింది.

డిక్కీ విషయంలో ఒక మాట. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీ కొంత చోటు తినేస్తుంది. మామూలు గోల్ఫ్ డిక్కీ 380 లీటర్లు ఉంటే, ప్లగ్-ఇన్ గోల్ఫ్‌లో దాదాపు 270కి పడిపోతుంది. పాత తరం నిస్సాన్ లీఫ్ పూర్తి ఎలక్ట్రిక్ అయినా డిక్కీ 435 లీటర్లు. కాబట్టి పేరు చూసి చోటు లెక్కగట్టకూడదు.

మీరూ కొనబోతుంటే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. డ్రైవరు సీటు మీకు కుదిరినట్టు సర్దుకుని, దాని వెనకే కూర్చోండి. పాదాలు నేలకి ఆనించి, తొడ కింద సీటు అంచు దగ్గర పిడికిలి పెట్టండి. సులువుగా దూరిందంటే దూర ప్రయాణానికి ఆ సీటు ఆసరా చాలదు. ఐదు నిమిషాలు కాదు, కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే షోరూముకి వాళ్ళనే తీసుకెళ్ళండి.

మేం ఎలక్ట్రిక్‌కే ఓటేశాం, రెండు షరతులతో. వెనక సీటు ఎత్తు అమ్మకి నచ్చాలి. ముందు ప్యాసింజర్ సీటు పైకీ కిందికీ కదలాలి. ఆ రెండోది కొన్ని మోడళ్ళలో డ్రైవరు సీటుకి మాత్రమే ఇస్తారు, అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ నెలలో మూడు షోరూములు తిరిగాం. మూడింట్లోనూ అందరికంటే ముందు వెనక సీట్లో కూర్చుని చూసింది అమ్మే.